కారణము కానరాని భయము



ఈ మాసమున మాగాయ ఊరవేయు పద్ధతిని వ్రాయుదునని మీకు మాట యిచ్చియుంటిని. కాని ఒక సోదరి వ్రాసిన యుత్తరము నా కలమును మరలించినది. ఆమె యిట్లు వ్రాసినది: “దేవునియెదుట దీపము వెలిగించుచుండగా హఠాత్తుగా గుండె దడదడ కొట్టుకొనసాగినది. ఊపిరాడలేదు. వ్రేళ్లు తిమ్మిరెక్కినవి. ఈ క్షణముననే ప్రాణము పోవునని తోచినది. పావుగంటలో అంతయు సర్దుకొన్నది. ఆసుపత్రిలో పరీక్షించి గుండెకు లోపమేమియు లేదనిరి. అప్పటినుండి నాలుగుమారు లిట్లే జరిగినది. మనోవైద్యులు మాత్రలు వ్రాసియిచ్చిరి. వేసికొనిన అలవాటగునని కొందరును, వేసికొననిచో పిచ్చియెక్కునని కొందరును చెప్పుచున్నారు. నేనేమి చేయుదును?”

నేను వైద్యురాలను గాను. ఐనను ఆ దారిని నడచినదానను గనుక నాకు తెలిసినంతవరకు మనవిచేసెదను.

మేము కొవ్వూరులో నుందుము. నా పుట్టినిల్లు గోదావరి కావలియొడ్డున రాజమహేంద్రవరము. నాలుగేండ్ల క్రిందట ఒక ఆదివారమున అమ్మను చూచుటకై షేరు ఆటోలో రోడ్డు-రైలు వంతెనపై పోవుచుంటిని. 1974లో రాకపోకలకు తెరువబడిన ఆ వంతెన సుమారు 4 కిలోమీటర్ల నిడివి గలది. చిన్ననాటినుండి నేను వందలమారులు దాటినదే. ఆనాడు నడిమికి చేరునప్పటికి ఆ సోదరి వ్రాసిన లక్షణములన్నియు నన్నొక్కసారిగా క్రమ్ముకొన్నవి. ఆటో ఆపుమని అరచితిని. ఆపినంతమాత్రమున పోవుటకు చోటేది? పైన ఆకాశము, క్రింద గోదావరి! అమ్మ గుమ్మము చేరునప్పటికి నెమ్మదించినది గాని, మనస్సులో బెదురు నాటుకొన్నది. పిమ్మట ఐదు మాసములు నేను వంతెన యెక్కలేదు. తలనొప్పియనియు, పిల్లల పరీక్షలనియు సాకులు చెప్పితిని. నాకేదో కోపము వచ్చినదని అమ్మ కుమిలిపోయినదట.

మా తాతగారు నాకు అలంకారశాస్త్రము చెప్పునపుడు, విభావము లేనిదే భావము పుట్టదనెడివారు. పులిని చూచినపుడు భయము కలుగును. భయమువలన చెమట, వణుకు, ముఖము వెలవెలబోవుట, కంఠము తడబడుట మొదలగు సాత్త్వికభావములు పొడచూపును. ఈ వ్యాధియందలి వింత యేమనగా, పులి లేకయే చెమటయు వణుకును వచ్చును. అంతట మనస్సు పులికొరకు వెదకును. వెలుపల నెచ్చటను కానరాకున్న, కొట్టుకొనుచున్న తన గుండెనే పులిగా నెంచుకొనును.

వైద్యశాస్త్రము చెప్పునదియు దీనికి దూరము గాదు. అపాయము వచ్చినపుడు పారిపోవుటకో పోరాడుటకో శరీరమును సన్నద్ధపరచునది అడ్రినలిన్ అను స్రావము. దానివలననే గుండె వడిగా కొట్టుకొనును. వేగముగా ఊపిరి తీయుటచే రక్తమునందలి బొగ్గుపులుసు వాయువు తగ్గి, వ్రేళ్లు తిమ్మిరెక్కి, తల తిరుగును. ఇవి మరణచిహ్నములని మనము భ్రమించినకొలదియు భయము పెరుగును. భయము పెరిగినకొలదియు గుండె మరింత కొట్టుకొనును. ఈ విషచక్రమును 1986లో డేవిడ్ క్లార్క్ అను ఆంగ్ల మనశ్శాస్త్రజ్ఞుడు చక్కగా వివరించెను. దీనినే నేడు పానిక్ అటాక్ అనుచున్నారు. సాధారణముగా పది నిమిషములలో ఉచ్చస్థితికి పోయి, పిమ్మట తనంతటతానే దిగిపోవును. దీనివలన పిచ్చి యెక్కదు.

ఐనను ఒక హెచ్చరిక. మొదటిసారి వచ్చినపుడు ఇది భయమేలెమ్మని ఇంట కూర్చుండరాదు. గుండెజబ్బునకును ఇట్టి లక్షణములే యుండవచ్చును. ఇ.సి.జి. తీయించి, థైరాయిడ్, రక్తహీనత మున్నగువానికి పరీక్ష చేయించుకొనవలెను. పిమ్మట నెప్పుడైనను, పనిచేయునపుడు ఛాతీనొప్పి వచ్చినను, నొప్పి చేతికో దవడకో ప్రాకినను, తడవు చేయక ఆసుపత్రికి పోవలెను.

ఇక మందులేని మార్గమును చెప్పెదను. భయము వచ్చినపుడు దానితో పోరాడవలదు, పారిపోవలదు. “ఇది వచ్చినది, పోవును” అని కూర్చుండి, ముక్కుతో నాలుగంకెలు లెక్కించునంతసేపు మెల్లగా ఊపిరి పీల్చి, ఆరంకెలు లెక్కించునంతసేపు విడువవలెను. కాగితపుసంచిలో ఊపిరి తీయుమని కొందరు చెప్పుదురు. అది అపాయకరము కావచ్చును, చేయరాదు. కాఫీ తగ్గించి, నిద్ర చెడకుండ చూచుకొనవలెను. అన్నిటికంటె ముఖ్యము, భయపడిన చోటికి మెట్టుమెట్టుగా మరల పోవుట. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ యను చికిత్సలో నేర్పునదిదియే. నేర్పువారు దొరకినచో మందుతో సమానముగా ఉపకరించునని వైద్యు లంగీకరించినారు. నేను మొదట మావారితో వంతెన మొదలువరకు నడచి, గుండెదడ తగ్గువరకు అచ్చటనే నిలిచి, తిరిగివచ్చితిని. పది దినములకు కొంతదూరము పోయితిని. మూడవ మాసమున ఆవలియొడ్డు చేరితిని. అమ్మ వాకిటనే నా చేతులు పట్టుకొని యేడ్చినది.

అంతవరకు వచ్చుటకు నాకు మందు సాయపడినదని దాచక చెప్పుచున్నాను. రాత్రులు నిద్రలేచి కూర్చుండుట మొదలైనప్పుడు వైద్యులు సెర్ట్రలిన్ అను మాత్రను స్వల్పపరిమాణమున ఆరంభించిరి. ఇట్టి మాత్రలు తలనొప్పిమాత్రవలె గంటలో పనిచేయవు. రెండునుండి ఆరు వారములు పట్టును. మొదటి దినములలో కడుపు త్రిప్పుట, కంగారు కొంచెము హెచ్చుట గలదు. గుణము కనిపించిన పిమ్మటను చాలమాసములు వాడి, వైద్యులు చెప్పినట్లు క్రమముగా తగ్గించవలెను. వీనికొరకు మనస్సు లాగుట యుండదు గాని, ఒక్కసారిగా మానినచో బాధ కలుగును.

ఆల్‌ప్రజోలామ్, క్లోనజెపామ్ వంటి మాత్రల సంగతి వేరు. అవి వెంటనే నెమ్మదినిచ్చును. వారములకొలది వాడినచో శరీరము వానికి లోబడిపోవును. అప్పుడు హఠాత్తుగా మానుటయు ప్రమాదమే. “అలవాటగు”నని పొరుగువారు చెప్పునది వీనియెడలనే సత్యము. అవి కొద్దికాలముమాత్రమే, వైద్యుల యెరుకలోనే వాడదగినవి. ఒకరికి వ్రాసిన చీటీతో మరియొకరు కొనరాదు. గర్భిణులును, పాలిచ్చు తల్లులును ఏ మాత్రనైనను తామై మొదలుపెట్టుటగాని, తామై మానుటగాని చేయరాదు.

ఈ జ్ఞానము నాకు ఊరక రాలేదు. నా చెల్లెలికి సంబంధము చూచుచున్న దినములలో, అక్కకు మతిచలించినదని పెండ్లివారు తలంతురేమోయను వెరపుచే మాత్రలను పోపులడబ్బా వెనుక దాచితిని. పిదప ఒకనాడు మొత్తముగా మానివేసితిని. నాలుగుదినములలో తలతిరుగుట, కోపము, నిద్రలేమి పట్టుకొన్నవి. రెండువారములు గడచునప్పటికి భయమును తిరిగివచ్చినది. చేతిలోని గిన్నె జారవిడిచి వంటింట చతికిలబడితిని. పోపులడబ్బా తీయబోయిన మా అత్తగారికి ఆ మాత్రలు చిక్కినవి. తొలుదొలుత ఉప్పు మిరపకాయలతో నాకు దిష్టితీసిన మనిషి యామెయే. తిట్టునని తలంచితిని. ఆమె నా ప్రక్కన కూర్చుండి, “నా బీపీ బిళ్ళలు మంచినీళ్ళతో సహా చేతికిస్తావు, నీ బిళ్ళలు మాత్రం డబ్బా వెనకాల దాస్తావేమిటే?” అన్నది. మరునాడు తానే నన్ను వైద్యులయొద్దకు వెంటబెట్టుకొని పోయినది. చెల్లెలి పెండ్లియు ఆ సంబంధముతోనే జరిగినది. ఆ మాత్రలను మరి పదునాలుగు మాసములు వాడి, వైద్యుల సలహాపై మెల్లమెల్లగా మానితిని. నేటికిని ఒక్కొక్కప్పుడు వంతెన నడుమ గుండె దడదడలాడును. ఆడుచుండగానే ఆవలికి పోవుదును.

కనుక, సోదరీ, మందు వేసికొనుట అవమానము గాదు. మందులేకుండ బాగుపడుట గొప్పయు గాదు. భయము అప్పుడప్పుడు వచ్చిపోవుచు, నీ పనులు సాగుచున్నచో అభ్యాసముతో మొదలుపెట్టవచ్చును. నిద్రను, తిండిని, గడపదాటుటను అది అడ్డగించుచున్నచో మందును కాదనవలదు. రెండును కలిసి నడచుటయు కలదు. ఏది చేయవలెనో నిన్ను పరీక్షించిన వైద్యులతో నిర్ణయించుకొనుము, ఇరుగుపొరుగువారితో గాదు. ఇంటిలో ఒక్కరికైనను చెప్పుము. వెంటనే చెప్పుకొన నెవ్వరును లేనిచో, బ్రతుకుమీద ఆశ సన్నగిల్లినచో, 14416 అను సంఖ్యకు ఫోను చేయుము. 2022లో ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ అది. తెలుగున మాటలాడువా రుందురు, రుసుము లేదు.

ఏమి నిశ్చయించుకొంటివో నాకొక కార్డు వ్రాయుము. మాగాయ సంగతి వచ్చే మాసమున తప్పక వ్రాసెదను.