కోనసముద్రపు ఉక్కు

మన కొండగట్టుకు పడమరగా, నిజామాబాదు జిల్లాలో, కోనసముద్రమను గ్రామము కలదు. అచ్చటి కమ్మరులు మూసలలో కరగించి తీసిన ఉక్కును కొనుటకై పారసీక వర్తకులు అంత దూరమునుండి వచ్చెడివారు. అట్టి నేర్పు ఇచ్చట నుండగా యంత్రయుగము ఇంగ్లండులోనే మొదట కుదురుకొనుటకు కారణమేమి?

ఆంగ్లేయుల తెలివియే కారణమని కొందరందురు. నేనొప్పుకొనను. వలసల సంపద కొంత తోడ్పడెను గాని, అదియే మూలమైనచో స్పెయిను ముందుండవలసినది.

నా మట్టుకు బొగ్గును, కూలియునే ముఖ్యకారణములుగా దోచుచున్నవి. మన కొలిమికి అడవికట్టెల బొగ్గే ఆధారము. ఇంగ్లండులో కట్టె ప్రియము, నేలబొగ్గు చవుక. 1709లో అబ్రహాం డార్బీ నేలబొగ్గును కాల్చి చేసిన కోకుతో ఇనుమును కరగించెను. గనులలో ఊరెడి నీటిని తోడుటకై 1712లో న్యూకొమెన్ ఆవిరియంత్రమును నిలిపెను. ఆ యంత్రము బొగ్గును విపరీతముగా మ్రింగెడిది. గనిగట్టున గాక మరెచ్చటను గిట్టుబాటు కాదు. పైగా అచ్చట కూలి హెచ్చు. కూలి చవుకైన చోట యంత్రమును కొనువాడెవడు?

గోదావరి లోయలో మనకును నేలబొగ్గు కలదు. కాని సింగరేణి త్రవ్వకము 1889లో గాని ఆరంభము కాలేదు. అప్పటికే సీమ ఇనుము మన సంతలకెక్కినది.

మరియొక మాట. భారతదేశపు ఉక్కును 1819లో లండనులో పరీక్షించిన ఫారడే కమ్మరి కుమారుడే. ఇచ్చటనో, కొలిమివిద్య తండ్రినుండి కొడుకునకు నోటిమాటగా నడచెను. దానిని తాటియాకున కెక్కించుటకు పండితులు పూనుకొనుట అరుదు.