చిల్లంగి నిందకు చట్టం ఏదీ?
చిల్లంగి (చేతబడి) నింద మోపడాన్నే నేరంగా గుర్తించే ప్రత్యేక చట్టం ఆంధ్రప్రదేశ్‌లో లేదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా ఆ లోటు తీర్చలేదు. ఉత్తరాంధ్రలో దేవరాపల్లి కొండ శివార్ల నుంచి అనంతగిరి దాకా గిరిజన పూజారులైన దిసారుల విద్య తరతరాలుగా సాగుతోంది. ఇటుకల పండుగకు విత్తనాలు దేవత ముందుంచి పూజించే ఆ నమ్మకం గౌరవించదగినదే, దాన్ని నేరంతో కలపడం అన్యాయం. కానీ బిడ్డకు జ్వరం తగ్గక, చాటలో బియ్యం చూసి ఎవరో ఒక పేరు పలికితే చాలు, ఆ ఒంటరి వితంతువుకో ముసలాయనకో ఊళ్లో నిలువ నీడ ఉండదు. పళ్లు రాలగొట్టిన, ప్రాణాలు తీసిన దారుణాలు తెలుగు నేల ఎరుగనివి కావు. బ్రిటన్ 1735 నాటి మంత్రవిద్య చట్టాన్ని 1951లో రద్దు చేశాక అక్కడ మంత్రవిద్యను ఆచరించే విక్కా మతాన్ని కోరి, బాహాటంగా స్వీకరించే వీలు కలిగింది. ఇక్కడ ఏ మంత్రమూ ఎరగనివారే బలవుతున్నారు. పొరుగున ఒడిశా 2013లోనే చట్టం చేసింది. రాష్ట్రం ఇక జాప్యం చేయరాదు: నింద మోపినవారికీ, ఉసిగొల్పినవారికీ శిక్ష, బాధితులకు సొంత ఊళ్లోనే రక్షణ, పరిహారం చట్టంలో ఉండాలి. జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష కొండ గడపకు చేరాలి. ఆ పనిలో దిసారులనూ కలుపుకోవాలి.