ఏటికి ఇవతల, ఏటికి అవతల

ఇరుగుపొరుగు రాష్ట్రాల పోలీసులు చేతులు కలిపితే సామాన్యుడికి రక్షణ పెరుగుతుందని కొందరు మిత్రులు వాదిస్తున్నారు. దొంగకు లేని సరిహద్దు పోలీసుకెందుకంటారు. వినడానికి సబబుగానే ఉంది. కాని కలిసిన ఆ చేతులు ఎవరి మీద లేచాయి, ఎవరిని ఆదుకున్నాయి అని వాళ్లు ప్రశ్నించుకోరు. మా కృష్ణ ఒడ్డు చరిత్ర ఆ ప్రశ్న వేయక తప్పదంటోంది.

ఒకప్పుడు ఏటికి ఇవతల మద్రాసు రాష్ట్రపు గుంటూరు జిల్లా. అవతల నిజాం ఏలుబడిలోని నల్లగొండ. అవతలి రైతు భూమి కోసం తిరగబడితే ఇవతలి రచయితలు చూస్తూ కూర్చోలేదు. మా జిల్లావాడైన బొల్లిముంత శివరామకృష్ణ 1947లో ‘మృత్యుంజయులు’ నవల ప్రకటించారు. సుంకర, వాసిరెడ్డి ‘మా భూమి’ నాటకం రాస్తే, మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. నాటకం నిజాం దౌర్జన్యం మీద, నిషేధం మద్రాసుది! 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. అయినా 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా కమ్యూనిస్టుల వేట ఏటికి రెండు వైపులా సాగింది. ఆ వేటకు ఏరు అడ్డం రాలేదు.

2014లో ఆ ఏటి మీద మళ్లీ సరిహద్దు పడింది. 2023 నవంబరు 30న నాగార్జునసాగర్ మీద ఆంధ్రా పోలీసులూ తెలంగాణా పోలీసులూ ఒకరికొకరు ఎదురు నిలిచారు. ఇరవై ఆరు గేట్లలో పదమూడో గేటు దగ్గర కంచె లేచింది. చివరికి కేంద్ర బలగాలు రావలసి వచ్చింది. ఆ నీటి కోసం కాలువల కింద కాచుకున్న రైతు రెండు వైపులా ఉన్నాడు, అతణ్ణి అడిగినవారెవరు? పోలీసులు కలిసినా పాలకుల పనికే, కలబడినా పాలకుల పనికే.

ఇక రైతు పని చూడండి. రాష్ట్రం విడిపోయాక ఒక ఏడు, అవతలి వ్యాపారి ఒకడు మా మేనమామ కళ్లంలో ముప్పై టిక్కీల మిరపకాయలు తూచుకుని, చీటీ రాసిచ్చి పోయాడు. మళ్లీ కనబడలేదు. ఇవతలి స్టేషనులో “వ్యాపారి అవతలివాడు” అన్నారు. అవతల “సరుకు ఇవతల తూచారు కదా” అన్నారు. ఆ ఏటి అప్పు మామయ్య ఇంకా తీరుస్తూనే ఉన్నాడు.

చట్టం చాలదంటారా? నేరస్థుణ్ణి తరుముతూ దేశంలో ఎక్కడికైనా వెళ్లి పట్టుకోవచ్చని పాత క్రిమినల్ ప్రొసీజరు కోడు 48వ సెక్షనే చెప్పింది. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. లోపం చట్టంలో లేదు. ఎవరి నష్టాన్ని నేరమనుకుంటున్నారన్న దానిలో ఉంది.

నేను సహకారం వద్దనడం లేదు. రెండు ఒడ్డుల అధికారులూ ఒక బల్ల చుట్టూ కూర్చోనివ్వండి. కాని ఆ బల్ల మీద మొదటి కాగితంగా మా మామయ్య చీటీ ఉండాలి. కల్తీ పత్తి విత్తనాలు కొని మోసపోయిన కౌలురైతు ఫిర్యాదు దాని పక్కన ఉండాలి. ఆ కాగితాలు కదిలిన నాడు దాన్ని సహకారమని నేనూ ఒప్పుకుంటాను. అందాకా అది పాలకుల మధ్య ఒప్పందమే.