విప్పండి, కానీ కోయకండి

మావయ్య చిన్నప్పటి టీవీ గేమ్ అటక మీద దొరికింది. 1983లో జపాన్‌లో వచ్చిన ఫ్యామికామ్‌కి కాపీ అది. అదే 60 పిన్నుల క్యాసెట్. ఆన్ చేస్తే ఉలుకూ పలుకూ లేదు. మల్టీమీటర్ పెట్టి చూశా: 7805 రెగ్యులేటర్‌లోకి 9 వోల్టులు వెళ్తున్నాయి, బయటికి 5 రావట్లేదు. కొత్తది వేశాక ప్రాణం వచ్చింది.

అసలు గొడవ ఆ తర్వాతే. ఇది యాంటెన్నా వైరులోంచే బొమ్మ పంపుతుంది. మా కొత్త టీవీలో గీతలు తప్ప ఏమీ కనబడలేదు. ఏవీ సాకెట్ పెట్టాలంటే కేసుకి కన్నం చేయాలి. సరిగ్గా అక్కడే మావయ్య కంపాస్ ముల్లుతో గీసుకున్న పేరుంది.

"పాతదాన్ని ముట్టుకోకు" అన్నాడు ఫ్రెండ్. "ఆడలేని గేమ్ ఎందుకురా, కోసెయ్" అన్నాడు మావయ్య.

ఇద్దరి మాటా వినలేదు. వీడియో సిగ్నల్‌ని ఆర్ఎఫ్ డబ్బాలోకి వెళ్లకముందే పట్టుకుని, ట్రాన్సిస్టర్‌తో బలం పెంచి, యాంటెన్నా సాకెట్ తీసేసిన కన్నంలోంచే వైరు బయటికి తెచ్చా. తీసిన పార్టులు కవర్లో వేసి, ఏ వైరు ఎక్కడిదో కాగితం మీద గీసి, కేసు లోపలే పెట్టా.

నేననేది ఒక్కటే: వాడుకోడానికి మార్చాల్సిందే, కానీ వెనక్కి తిప్పగలిగేలా. కోడ్ చెడితే గిట్‌లో పాత వెర్షన్ ఉంటుంది. కోసిన ప్లాస్టిక్‌కి అన్‌డూ లేదు. మన తర్వాత విప్పేవాడు మనల్ని తిట్టుకోకూడదు కదా!