డయాలసిస్ రోజున గుడ్డు పెట్టండి

టైరోసిన్ ఒంట్లోనే తయారవుతుంది కాబట్టి తిండిలో దానికోసం వెతుక్కోనక్కర్లేదని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. థైరాయిడ్ హార్మోనుకూ, అడ్రినలిన్‌కూ ముడిసరుకు ఈ ఆమైనో ఆమ్లమే. ఏ ఆమ్లం తిండితో తప్పక అందాలో, ఏది అక్కర్లేదో తేల్చినవాటిలో ముఖ్యమైనవి 1940లలో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో విలియం రోజ్ చేసిన ప్రయోగాలు. అవి ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్ల మీద జరిగాయి. ఫినైలాలనైన్‌ను టైరోసిన్‌గా మార్చే ఎంజైమ్ కాలేయంలోనే కాదు, కిడ్నీలోనూ ఉంటుంది. కిడ్నీ దెబ్బతింటే రక్తంలో టైరోసిన్ పడిపోతుందని పరిశోధకులు ఎన్నడో గుర్తించారు. శ్రీకాకుళం జిల్లాలో శ్రీకూర్మం నుంచి తీరం వెంట ఉత్తరానికి పోతే వచ్చే ఉద్దానంలో, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల పల్లెల్లో, ఇన్ని కిడ్నీలు పాడవుతుంటే ఆ పుస్తకం మాట పట్టుకుని కూర్చోలేం.

డయాలసిస్ మొదలయ్యాక నష్టం ఇంకా పెరుగుతుంది. మలినాలతోపాటు ఒక్కో విడతలో రమారమి 6 నుంచి 12 గ్రాముల ఆమైనో ఆమ్లాలు కొట్టుకుపోతాయి. అందుకే ఈ రోగులకు కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలని అమెరికా కిడ్నీ నిపుణుల 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. 50 కిలోల మనిషికి 50 నుంచి 60 గ్రాములన్నమాట. రోజుకు 300 గ్రాముల బియ్యం వండుకు తిన్నా అందేది 20 గ్రాములకు అటూ ఇటూ. పైన కాస్త పులుసు, చారుతో సరిపెట్టుకుంటే లోటు తీరదు, ఒంట్లో కండే కరిగిపోతుంది.

కిడ్నీ జబ్బుకు పప్పూ గుడ్లూ తగ్గించమని డాక్టర్లే చెబుతారు కదా అనవచ్చు. డయాలసిస్‌కు ముందు దశలో అది సరైన సలహాయే. డయాలసిస్ మొదలైన రోజు నుంచి ఆ సలహా మారాలి, మారిందని రోగికీ, వంటచేసే ఇల్లాలికీ విడమరిచి చెప్పాలి. అయితే టైరోసిన్ మాత్రలు మింగితే పోదా? ఒక్క ఆమ్లంతో కండ పట్టదు. పైగా ఒంటరి ఆమ్లం మాత్ర ప్రమాదమూ కావచ్చు: గుండెపోటు వచ్చినవాళ్లకు మరో ఆమైనో ఆమ్లమైన ఆర్జినైన్ ఇచ్చి చూసిన అమెరికా ప్రయోగంలో, ఆ మందు తీసుకున్నవారిలో ఆరుగురు చనిపోవడంతో దాన్ని మధ్యలోనే ఆపేశారు. ఆ వివరాలు 2006లో అచ్చయ్యాయి. ఈ జబ్బుకు తాగునీటినే అనుమానిస్తూ, ముందు మంచినీళ్లివ్వండి, తిండి సంగతి తర్వాత అనేవారి ఆవేదన న్యాయమైనదే. కానీ ఇప్పటికే కిడ్నీలు పోయినవారికి కుళాయి నీళ్లొక్కటే చాలవు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరుచుకుంది; వైద్యంతోపాటు తిండీ అందాలి. బడిపిల్లలకు మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెడుతున్న ప్రభుత్వం డయాలసిస్ మంచం దగ్గరికి కూడా రెండు ఉడికించిన గుడ్ల తెల్లసొన పంపాలి. పొటాషియం, ఫాస్ఫరస్ లెక్క చూసి ఎవరికెంత పెట్టాలో చెప్పే పోషకాహార నిపుణుణ్ని జిల్లాలోని ప్రతి డయాలసిస్ కేంద్రంలోనూ నియమించాలి.