‘అండి’ ఎక్కడ జారిపోయింది?

మా పిన్ని కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వాళ్ల జట్టులో సగం మంది గచ్చిబౌలిలో ఉంటే, మిగతా సగం మెక్సికోలోని గ్వాదలహారాలో ఉంటారు. మనకు రాత్రి 8 గంటలైతే వాళ్లకు ఉదయం 8:30. వాళ్లు టిఫిన్ చేసి వచ్చి కూర్చునేసరికి వీళ్లకు భోజనాల వేళ. వీళ్లది తెలుగు, వాళ్లది స్పానిష్. మధ్యలో ఎవరిదీ కాని ఇంగ్లిష్‌తో బండి నడవాలి.

ఆమధ్య ఓ రాత్రి ఫోన్ చేశాడు. ‘‘అక్కా, అక్కడావిడ నన్ను బెదిరిస్తోంది’’ అన్నాడు. కంగారుపడి ఏమైందంటే ఓ మెయిల్ చదివి వినిపించాడు. ‘యు హ్యాడ్ బెటర్ సెండ్ ద ఫైల్ బిఫోర్ ఫ్రైడే.’ శుక్రవారంలోపు ఫైలు పంపావా సరేసరి, లేదంటేనా... అన్నట్టుంది మరి! పైగా ఆవిడ వీడికి బాస్ కూడా కాదు, తోటి ఉద్యోగి.

నేను ఒకప్పుడు ఆర్నెల్లపాటు సాయంత్రం క్లాసులకెళ్లి కాస్త స్పానిష్ నేర్చుకున్నాను. ఆ మిడిమిడి జ్ఞానమే ఇక్కడ అక్కరకొచ్చింది. స్పానిష్‌లో ‘మెహోర్’ అంటే ‘ఇంకా మంచిది’. ‘ఎస్ మెహోర్ కే...’ అని మొదలుపెడితే ‘ఇలా చేస్తే బాగుంటుంది’ అని. పాపం ఆవిడ ఆ భావంతోనే ఇంగ్లిష్‌లో వెతికి ఉంటుంది. ‘బెటర్’ కనిపించగానే మనదే అనుకుని ఎత్తి పెట్టేసింది. కానీ హ్యాడ్ బెటర్ వెనకాల ఓ బెత్తం దాగి ఉంటుంది. చెయ్యకపోతే నీకే నష్టం సుమా అన్న హెచ్చరిక అది. అమ్మ పిల్లాడితో అనొచ్చు, డాక్టరు రోగితో అనొచ్చు. సాటి ఉద్యోగికి రాస్తే మాత్రం తంటానే.

ఆ మాటకొస్తే మన తెలుగు తక్కువ తిందా? ‘ఈ పూటకి ఇక్కడే భోంచేసి వెళ్తే మంచిది’ అంటే ఆదరణ. ‘మర్యాదగా ఇక్కణ్నుంచి వెళ్తే మంచిది’ అంటే? రెండూ ‘వెళ్తే మంచిది’లే. ఎదురుగా ఉంటే గొంతును బట్టి పోల్చుకుంటాం. మెయిల్‌కి గొంతు ఉండదు కదా.

స్పానిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు ప్రపంచంలో దాదాపు 50 కోట్ల మంది. వాళ్లలో ఇంగ్లిష్ నేర్చుకునేవారికి ‘సలహా ఇవ్వడం ఎలా, ప్రతిపాదన చేయడం ఎలా’ అన్న పాఠం దగ్గర కాళ్లకు చుట్టుకునే తీగలు కొన్ని ఉన్నాయి. చిత్రమేమిటంటే వాటిలో చాలావరకు మనకూ చుట్టుకునేవే.

‘సజెస్ట్’నే చూడండి. ‘నాకో హోటల్ సూచించాడు’ అనడానికి స్పానిష్‌వాళ్లు ‘మే’ అంటే ‘నాకు’ అని చేర్చి చెబుతారు. మనమూ అంతే. అందుకే ఇద్దరి నోటా ‘హి సజెస్టెడ్ మి ఎ హోటల్’ అని వస్తుంది. ‘ప్లీజ్ సజెస్ట్ మి ఎ గుడ్ డాక్టర్’ అని మనలో అడగనివారెవరు? ఇంగ్లిష్ ఒప్పుకోదు. ‘గివ్ మి’, ‘షో మి’ సరే, ‘సజెస్ట్’ దగ్గర మాత్రం ‘టు మి’ అనాలి. నిజానికి ఈ మాట పుట్టిల్లు లాటిన్. స్పానిష్ అదే లాటిన్ కూతురు. ఆ ఇంటి ఆడపడుచే ఇంగ్లిష్ ఇంటికి కోడలుగా వెళ్లి అత్తింటి పద్ధతులు పట్టేసింది. పుట్టింటివాళ్లు పలకరించబోతే ‘మా ఇంట్లో అలా అనరు’ అంటోంది!

‘అడ్వైస్’కి బహువచనం లేకపోవడమూ ఇద్దరికీ కష్టమే. వాళ్లకి ‘కోన్సేహోస్’, మనకి ‘సలహాలు’ ఉన్నాయి. ఉచితంగా ఎన్నైనా ఇస్తాం. ఇంగ్లిష్‌వాళ్లు మాత్రం అడ్వైస్‌ను బియ్యంలా రాశిగానే చూస్తారు. గింజలు లెక్కపెట్టరు.

ఇక ‘ప్రపోజ్’ సంగతి. స్పానిష్‌లో ‘ప్రొపొనేర్’ రోజువారీ మాట. సినిమాకెళ్దామన్నా, మీటింగ్ పెడదామన్నా అదే. ఓసారి అదే గ్వాదలహారా ఆవిడ మావాడికి ‘ఐ ప్రపోజ్ యు ఎ మీటింగ్ ఆన్ థర్స్‌డే’ అని రాసింది. మెయిల్ జట్టు మొత్తానికీ వెళ్లింది. గచ్చిబౌలి కుర్రాళ్ల కంటికి మొదటి మూడు మాటలు తప్ప మరేం ఆనలేదు. ‘ట్రీటెప్పుడు గురూ?’ అని వారంపాటు ఆడుకున్నారు. ‘యు’ తీసేస్తే వాక్యం శుభ్రంగా ఉంటుంది. అయినా ఇద్దరు మాట్లాడుకునే మీటింగ్‌కి ‘ప్రపోజ్’ అంటే పంచాయతీలో తీర్మానం పెట్టినట్టుంటుంది. ‘హౌ అబౌట్ థర్స్‌డే’ అంటే చాలు.

ఇంకో గమ్మత్తు. మంచి ఐడియాను మెచ్చుకోవడానికి స్పానిష్‌లో ‘సుహెస్తీవో’ అంటారు. ఆసక్తి పుట్టించేదని అర్థం. అదే కదా అని ఇంగ్లిష్‌లో ‘యువర్ ఐడియా ఈజ్ సజెస్టివ్’ అంటే ఎదుటివారు కుర్చీలో ఇబ్బందిగా కదులుతారు. ఇంగ్లిష్‌లో దానికి మన సినిమాల్లో ద్వంద్వార్థపు డైలాగుల వాసన ఉంది మరి.

అయితే ఒకచోట మాత్రం మనమే అదృష్టవంతులం. ‘కిటికీ తెరవనా?’ అనడానికి స్పానిష్‌లో ప్రత్యేకమైన రూపం అక్కర్లేదు. ‘ఆబ్రో లా వెంతానా?’ అంటే మాటకు మాట ‘కిటికీ తెరుస్తాను?’ అని. అలవాటు చొప్పున ఇంగ్లిష్‌లో ‘ఐ ఓపెన్ ద విండో?’ అనేస్తారు. మనకి ‘తెరవనా’ ఉంది, ‘షల్ ఐ’ ఉంది. ‘వెళ్దామా’ ఉంది, ‘షల్ వియ్’ ఉంది. అచ్చుగుద్దినట్టు సరిపోతాయి. ‘లెట్ అస్ గో’ అంటే ‘వెళ్దాం పదండి’ అనీ అవుతుంది, ‘మమ్మల్ని పోనివ్వండి’ అనీ అవుతుంది. మొదటి అర్థంలోనే ‘లెట్స్’ అని కుదిస్తారు. ‘మనం’, ‘మేము’ తేడా ఉగ్గుపాలతో వచ్చిన మనకి ఇది చిటికెలో అర్థమవ్వాలి. ‘వై డోంట్ యు ఈట్’ అన్న ప్రశ్న కారణం అడగడానికి కాదని తెలంగాణ వాళ్లకు వేరే చెప్పాలా? ‘జెర తినరాదు?’ అన్నా అదే కదా. పాఠ్యపుస్తకం తెలుగులో ‘తినరాదు’ నిషేధం, ఇంట్లో ఆప్యాయత!

ఇంతకీ అసలు చిక్కు మాటల దగ్గర లేదు. మనం ‘పంపండి’ అంటాం. ఆ ‘అండి’లోనే మర్యాదంతా ఉంది. స్పానిష్‌లోనూ ‘తు’ అంటే నువ్వు, ‘ఉస్తేద్’ అంటే మీరు. దానికి తగ్గట్టు క్రియ కూడా మారుతుంది. ఇంగ్లిష్‌లో అందరూ ‘యు’లే. అక్కడ ‘అండి’ చేసే పనిని కుడ్, వుడ్, మైట్ వంటి చిన్న చిన్న మాటలు చేస్తాయి. మనం గౌరవంగానే ‘పంపండి’ అనుకుని ‘సెండ్’ అని రాస్తాం. దారిలో ‘అండి’ జారిపోతుంది. అవతలివాళ్లకు చేరేది ‘పంపు’ ఒక్కటే.

పెనెలొపి బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ మర్యాదల గురించి రాసింది 1978లో వెలువడింది, 1987లో పుస్తకంగా వచ్చింది. అందులో వాళ్లు ప్రధానంగా చూసిన భాషలేమిటో తెలుసా? ఇంగ్లిష్‌తోపాటు మన పొరుగున ఉన్న తమిళం, మెక్సికోలోని త్సెల్తాల్ అనే మాయా భాష. ప్రతి మనిషికీ కాపాడుకోవాల్సిన ‘మొహం’ ఒకటి ఉంటుందట. సలహా ఎంత మంచిదైనా ఎదుటివారి ఇష్టాయిష్టాల్లో వేలు పెట్టడమే కాబట్టి దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి ఇస్తామట. మనకిది కొత్తా? మొహమాటంలోనే మొహం ఉందిగా.

అలాగని ప్రతిదీ మెత్తగా చుడితే మరో ప్రమాదం. 1990 జనవరి 25న కొలంబియాకు చెందిన ఏవియాంకా సంస్థ విమానం బొగోటా నుంచి మెడెయిన్ మీదుగా న్యూయార్క్ వచ్చింది. వాతావరణం బాగాలేక గంటకు పైగా గాల్లోనే తిప్పారు. ఇంధనం అడుగంటుతోంది. సిబ్బంది మాతృభాష స్పానిష్. కంట్రోలర్లతో ఇంగ్లిష్‌లో మాట్లాడుతున్న కో-పైలట్ ‘ప్రయారిటీ’ కావాలన్నాడు, ఇంధనం అయిపోతోందన్నాడు. ఎమర్జెన్సీ అని చెప్పమని కెప్టెన్ అన్నా ఆ ఒక్క మాట మాత్రం అవతలికి చేరలేదు. వరసలో మరో విమానం అన్నట్టే కంట్రోలర్లు వ్యవహరించారు. ఇంజిన్లు ఆగిపోయి విమానం లాంగ్ ఐలాండ్‌లో కూలింది. 158 మందిలో 73 మంది చనిపోయారు. మండడానికి ఇంధనం మిగల్లేదు కాబట్టి మంటలైనా రాలేదు. ఇలాంటి ప్రమాదాల తర్వాతే అంతర్జాతీయ విమానాలు నడిపే పైలట్లకు, కంట్రోలర్లకు ఇంగ్లిష్ సామర్థ్య పరీక్షలు 2008 మార్చి నుంచి అమల్లోకి వచ్చాయి.

మళ్లీ మావాడి దగ్గరికొద్దాం. ‘బెదిరింపు’ గుట్టు విప్పాక వాడి పాత మెయిళ్లు కొన్ని చూపించమన్నాను. తీరా చూస్తే ప్రతి రెండోదీ ‘డూ వన్ థింగ్’ అని మొదలవుతోంది. మన ‘ఒక పని చెయ్యండి’ అన్నమాట! ‘అండి’ ఎప్పటిలాగే దారిలో జారిపోయింది. అవతలావిడకు అది హుకుంలా ఉండదూ? పైగా ఆ ‘ఒక పని’ కింద నాలుగు పనులు రాశాడు. ఆవిడ మొదటిది చేసి ఊరుకుందట. ఒక్కటేగా చెయ్యమన్నాడని!

వాడు సిగ్గుపడి, మర్నాడే ఆవిడకు ఫోన్‌లో రెండు సంగతులూ చెప్పేశాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. అప్పట్నుంచి వీడు ‘వియ్ కుడ్’ అని రాస్తున్నాడు. ఆవిడ హ్యాడ్ బెటర్ మానేసింది.

మొన్న మళ్లీ ఫోన్ చేశాడు. గ్వాదలహారా నుంచి కొత్త మెయిల్ వచ్చిందట. ఈసారి ఏమని మొదలైందో చదివి వినిపించాడు: ‘డూ వన్ థింగ్...’