తలుపుకి అంటించిన నోటీసు మన అవ్వకి ఎవరు చదివి చెప్పాలి?



అమ్మానాన్న లేని పిల్లని ఎవరు పెంచాలి అని మన ఊళ్లల్లో కోర్టుకి వెళ్లి అడిగే అలవాటు లేదు. అవ్వో తాతో, మేనమామో, పెదనాన్నో తీసుకెళ్లి పెంచుతారు. ఊరి పెద్దలు సరే అంటారు, అంతే. మా హాస్టల్లో ఒక్క రూమ్ తీసుకున్నా ఇలా పెరిగినోళ్లం ఒకరిద్దరం ఉంటాం. ఈ పద్ధతి మీద మాకు గౌరవమే తప్ప చిన్నచూపు లేదు.

గొడవ ఎప్పుడొస్తుందంటే, పిల్ల పేరు మీదకి డబ్బో భూమో వచ్చినప్పుడు. తండ్రి యాక్సిడెంట్‌లో పోతే వచ్చే నష్టపరిహారం కావచ్చు, ఆయన పేరున ఉన్న పట్టా కావచ్చు. అప్పుడు ఆఫీసుల్లో "గార్డియన్ ఆర్డర్ తెండి" అంటారు. అన్నేళ్లూ పిల్ల మొహం చూడని చుట్టం కూడా సరిగ్గా అప్పుడే పిటిషన్ వేస్తాడు.

దీనికి చట్టం ఉంది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ యాక్ట్. పిటిషన్ వేసినవాడి మాట ఒక్కటే విని ఆర్డర్ ఇవ్వడానికి అది ఒప్పుకోదు. సెక్షన్ 10 ప్రకారం పిల్ల ఎవరి దగ్గర ఉంటోంది, దగ్గరి చుట్టాలు ఎవరు, వాళ్లు ఎక్కడుంటారు, ఆస్తి ఏమిటి అన్నీ పిటిషన్‌లో రాయాలి. సెక్షన్ 11 ప్రకారం విచారణ తేదీ వేసి నోటీసు పంపాలి. తల్లిదండ్రులకి పంపాలి, పిల్ల ఎవరి దగ్గర ఉంటోందని పిటిషన్‌లో రాశారో వాళ్లకి పంపాలి, కోర్టు అవసరం అనుకున్న మరెవరికైనా పంపాలి. కోర్టు దగ్గర, పిల్ల ఉండే ఇంటి దగ్గర అందరికీ కనపడేలా అంటించాలి. ఇవి కాక, కోర్టుకి సరి అనిపించిన ఇంకో పద్ధతిలో కూడా ప్రకటించాలి.

కాగితం మీద బాగానే ఉంది. మరి మన దగ్గర జరిగేదేంటి?

మాకు తెలిసిన ఒక పాప విషయం చెప్తాం. తల్లి ముందే పోయింది, తర్వాత తండ్రి పోయాడు. అమ్మ తల్లి పెంచింది. పరిహారం వస్తుందని తెలిసాక తండ్రి వైపు చుట్టం ఒకాయన పిటిషన్ వేసి, పాప తన దగ్గరే ఉంటోందని రాసుకున్నాడు. నోటీసు తండ్రి పాత ఇంటికి అంటించారు. ఆ ఇంటికి రెండేళ్ల నుంచి తాళమే. పాప హాస్టల్లో ఉంది, అవ్వ పక్క ఊళ్లో ఉంది. పేపర్లో కూడా వేశారట, ఆ ఊరికి పేపరే రాదు. తేదీ నాడు ఎవరూ రాలేదు కాబట్టి అభ్యంతరం లేదని ఆర్డర్ అయిపోయింది. అవ్వకి సంగతి బ్యాంకుకి వెళ్లినప్పుడు తెలిసింది.

రికార్డు తీసి చూస్తే నోటీసు ఇచ్చినట్టే ఉంటుంది. మా బాధ అదే. అవ్వ మాట్లాడలేదంటే ఆమెకి అభ్యంతరం లేదని కాదు, ఆమెకి అసలు తెలియదని. చదువు రాని మనిషికి, కువిలోనో కోయలోనో మాట్లాడే మనిషికి, ఇంకో ఊళ్లో తలుపుకి అంటించిన కాగితం నోటీసు ఎలా అవుతుంది?

"అందుకే మన పిల్లల విషయాలు కోర్టుకి పోకూడదు, పెద్దలే తేల్చాలి" అని మనలో కొందరు అంటారు. పెంపకం వరకు ఆ మాట బాగుంటుంది. కానీ అవతలోడు కోర్టుకి వెళ్లిపోయాక మనం పంచాయితీలో కూర్చుంటే లాభం లేదు. బ్యాంకు చూసేది కోర్టు ఆర్డర్‌నే.

కాబట్టి మా అభిప్రాయం ఇది. చట్టం "ఇంకో పద్ధతిలో" అని దారి వదిలింది కదా, ఏజెన్సీలో ఆ దారినే అడగాలి. సంత రోజు చాటింపు వేయించమని, గ్రామసభలో మన భాషలో చదివించమని, పిల్ల చదివే హాస్టల్‌కి ఒక కాపీ పంపమని కోర్టుకి రాసి ఇవ్వాలి. పెంచుతున్న మనిషికి విడిగా నోటీసు ఇవ్వమని అడగాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, అడిగే మనిషి కావాలి.

మన సొంతవాళ్లకి కూడా ఒక మాట. మారుమనువు చేసుకున్న తల్లికి చెప్పక్కర్లేదు అనుకుంటారు చాలామంది. అది తప్పు. ఆమె తల్లే, నోటీసు వెళ్లాల్సిందే. తల్లి వైపు వాళ్లు గొడవ చేస్తారని వాళ్ల పేర్లు పిటిషన్‌లో రాయకపోవడం కూడా దాచడమే.

అలాగని ప్రతి నోటీసూ తప్పనిసరి అని పట్టుబట్టడం కూడా న్యాయం కాదు. పెళ్లి కాకుండానే తల్లయిన ఒకామె బిడ్డకి గార్డియన్‌గా ఉంటానని అడిగితే, తండ్రి పేరు చెప్పలేదని, ఆయనకి నోటీసు లేదని కింది కోర్టులు కొట్టేశాయి. 2015లో సుప్రీంకోర్టు ఆ నోటీసు అక్కర్లేదని, బిడ్డ మేలే ముఖ్యమని చెప్పింది. మోసపోయి ఒంటరిగా బిడ్డని పెంచుతున్న అక్కలు మన ఊళ్లల్లోనూ ఉన్నారు. ఈ తీర్పు వాళ్లకి చెప్పండి. నోటీసు ఉన్నదే బిడ్డ కోసం. బిడ్డని పెంచే మనిషికి అది అందాలి, బిడ్డని వదిలేసినోడి చేతిలో ఆయుధం కాకూడదు.

ఆర్డర్ అయిపోయిందని వదిలేయకండి. అప్పీల్ ఉంది. గార్డియన్ పిల్లని పట్టించుకోకపోయినా, డబ్బు తినేసినా తీసెయ్యమని సెక్షన్ 39 కింద అడగొచ్చు. కోర్టు పెట్టిన గార్డియన్ కోర్టు అనుమతి లేకుండా పిల్ల భూమి అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా లాయర్‌ని ఉచితంగా ఇస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, లేకపోతే 15100కి ఫోన్ చేయండి.

మన ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మనమే. సెలవులకి ఊరెళ్లినప్పుడు ఏ తలుపుకి, ఏ సచివాలయం బోర్డుకి కాగితం అంటించి ఉన్నా ఆగి చదవండి. తేదీ చూడండి, పేరు చూడండి. ఆ పేరున్న పిల్లని నిజంగా పెంచుతున్న మనిషి ఇంటికి ఆ రోజే వెళ్లి, మన భాషలో చెప్పండి.

జై ఆదివాసీ.